ముప్పై ఏడో నమూనా

నవంబర్ 17, కోరుట్ల

నాకు ఒక లెన్స్ కావాలి. ఎలాంటిది కావాలో ముందే రాసుకుంటే దుకాణంలో తడబడకుండా ఉంటాను.

దగ్గరగా చూస్తే నూలుపోగు మీది నూగు ఏ వైపుకు వాలి ఉందో తెలియాలి. దూరంగా చూస్తే ఒక మైదానం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పట్టాలి. రెండు పనులూ ఒక్క లెన్సే చేయాలి. అది నేను కొనగలిగిన ధరలో ఉండాలి. కెమెరా పాతదే అయినా బాగుంది. దానితో వచ్చిన లెన్స్ చెడ్డదేమీ కాదు గాని, దారానికి జానెడు దూరంలో ఆగిపోతుంది. అంతకంటే దగ్గరికి జరిపితే దానికి చూపు ఆనదు.

ఇదంతా సరదా కోసమే. మూడేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చిన సరదా.

నవంబర్ 18, కోరుట్ల

నిన్న రాసిన చివరి మాట నిజం కాదు. నేను తప్ప మరెవరూ చదవని నోటుబుక్కులో కూడా అబద్ధం రాయవలసిన అవసరం ఏమొచ్చిందో తెలియదు. ఉన్నది ఉన్నట్టుగా రాస్తాను.

గుడ్డను చూసి అది చేతిమగ్గం మీద నేసినదో, మరమగ్గం మీద నేసినదో చెప్పడం నా పని. చేనేత గుర్తింపు సంఘానికి పదకొండేళ్లుగా నేను పరిశీలకురాలిని. పోగులు లెక్కించే చిన్న భూతద్దాన్ని గుడ్డ మీద పెట్టి, అంగుళానికి ఎన్ని పేకలు పడ్డాయో ఐదు చోట్ల లెక్కిస్తాను. మనిషి చెయ్యి పేకను ఒకచోట గట్టిగా, ఒకచోట మెల్లగా కొడుతుంది కాబట్టి లెక్క రెండు మూడు అటూ ఇటూ అవుతుంది. యంత్రానిది మారదు. అక్టోబర్ తొమ్మిదిన ముప్పై ఏడో నమూనా నా బల్ల మీదికి వచ్చింది. ఐదు చోట్లా అరవై నాలుగు. ‘మరమగ్గపు గుడ్డ’ అని రాసి సంతకం పెట్టాను. నేసినవారి పేరు పరశురాములు, సిరిసిల్ల. అనుమానం ఉంటే ఇంటికి వెళ్లి మగ్గాన్ని చూడవచ్చునని నిబంధన చెబుతుంది. తప్పనిసరి అని చెప్పదు. నేను వెళ్లలేదు.

నేను పుట్టింది సిరిసిల్లలోనే. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. మా నాయనవి ఆరు సాంచాలు. ఆ చప్పుడు ఆగితే నాకు మెలకువ వచ్చేది. సమంగా ఉన్న గుడ్డ అంటే సాంచె గుడ్డ అనే మాట మా ఇంట్లో ఎవరూ విడిగా నేర్పలేదు, నేర్పవలసిన అవసరం లేకపోయింది.

నిన్న తెల్లవారుజామున సిరిసిల్లలోని అక్క ఇంటి నుంచి బస్సులో తిరిగి వస్తున్నాను. ఊరు దాటే చోట ఖాళీ మైదానంలో ఒక పడుగు, పాతిక గజాల పొడవున, గుంజల మధ్య తెల్లగా సాగి కనిపించింది. ఇద్దరు ముసలివాళ్లు, ఆయన ఒకవైపు ఆమె మరొకవైపు, గంజిలో ముంచిన పెద్ద కుంచెలతో దాని వెంట నడుస్తున్నారు. సాంచెకు ఇలా ఎవరూ గంజి పట్టించరు. దాని పడుగు మిల్లులోనే తయారై వస్తుంది. ఆరుబయట కుంచెతో గంజి పట్టిస్తున్నారంటే ఆ ఇంట్లో చేతిమగ్గం ఉన్నట్టే.

“ఎవరు వాళ్లు?” అని కండక్టరును అడిగాను.

“పరశురాములు, ఆయన పెండ్లాం శంకరవ్వ. గీ దిక్కు మగ్గం ఇడువనిది గా ఇద్దరే మేడం. మొండోళ్లు.”

బస్సు కదిలింది.

గుర్తింపు పోయినవారికి నేతగాళ్ల సహకార సొసైటీ నూలు ఇవ్వదు. నూలు లేకపోతే మగ్గం లేదు. నా నివేదిక వెళ్లిన నాటి నుంచి తొంభై రోజులు, అంటే జనవరి ఏడు దాకా, దాన్ని సరిదిద్దే వీలుంది. పరిశీలకురాలిగా నేనే పునఃపరిశీలన పత్రం ఇవ్వవచ్చు. దానికి ఆధారం జోడించాలి. కుంచెతో గంజి పట్టించిన పోగు మీద నూగు అంతా దువ్విన జుట్టులా ఒకే వైపుకు పడి ఉంటుంది. మిల్లు గంజిలో అలా ఉండదు. అది ఫోటోలో కనబడాలి. అందుకే లెన్స్.

పత్రంలో ఎనిమిది గడులున్నాయి. ఏడోది: ‘మొదటి నిర్ణయంలో పొరపాటు జరిగి ఉంటే, దానికి కారణం.’ దాన్ని చివర నింపుతాను.

నవంబర్ 22, జగిత్యాల

టవర్ దగ్గరి దావీదు గారి స్టూడియోలో రెండున్నర గంటలు. పాత లెన్సులను శుభ్రం చేసి అమ్మేది ఈ చుట్టుపక్కల ఆయనొక్కరే.

“ఏం తీస్తరు మేడం? పెండ్లిళ్లా, పురుగులా?”

“దారాలు. మైదానాలు.”

“రెండిటికి ఒక్కటే లెన్సా? పొద్దుగాల నాగలికి కట్టిన ఎద్దునే మాపున పందెంల ఉరికిచ్చినట్టయితది.”

“ఉరకదంటారా?”

“ఉరుకుతది. గని గెలువది.”

వంద మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ ఒకటి చూపించారు. నా చీరె కొంగును దానితో చూశాను. పోగులు తాళ్లలా, తాళ్ల మీద నూగు గడ్డిలా కనిపించింది. తర్వాత బయటికి వచ్చి వీధి వైపు తిప్పితే టవర్ మీది గడియారం ఒక్కటే పట్టింది. వీధి లేదు, మనుషులు లేరు. దగ్గరి పనికి దానికి తిరుగులేదు. దూరపు పనికి అది గోడలో రంధ్రం లాంటిది. నేను ధర అడిగేలోగానే ఆయన నా ముఖం చూసి, దాన్ని మెల్లగా పెట్టెలో పెట్టేశారు. ధర చెప్పకుండా ఉండడం కూడా ఒక మర్యాద.

చివరికి, ఉన్న లెన్స్ మీదనే బిగించుకునే చిన్న భూతద్దం ఒకటి వాడి చూడమని ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు.

“అచ్చినంక చెప్పుండ్రి, ఏ దారమో గని గంత తిప్పలు వెడుతుంది మిమ్మల్ని.”

నవంబర్ 23, కోరుట్ల

పత్రంలో ఆరు గడులు, ఎనిమిదోది నింపాను. చేతిరాత బాగా వచ్చింది.

నవంబర్ 30, సిరిసిల్ల

గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టి, నేల మట్టానికి కూర్చుని నేస్తారు. పరశురాములు గారికి డెబ్బై దాటి ఉంటాయి. నన్ను చూసి లేవబోయారు, వద్దన్నాను. శంకరవ్వ గుమ్మంలోనే నిలబడి ఉంది.

“మల్ల ఎవలో ఒకలు అచ్చిండ్రా? రాసుకపోయేటోళ్లు రాసుకపోతనే ఉంటరు. మా రాత మాత్రం మారది.”

“ఫోటోలు తీసుకునేందుకు వచ్చిన పెద్దమ్మా. సంఘానికి పంపిస్త.”

“ఎవలి బిడ్డవు?”

“ఇక్కడి బిడ్డనే. సాంచాల ఆగయ్య బిడ్డను, కల్యాణిని. కోరుట్లకు ఇచ్చిండ్రు.”

“ఓహో. డబడబ చప్పుడుల పెరిగినవన్నట్టు. చెవులు మంచిగనే పనిజేస్తున్నయా మరి?”

“పనిజేస్తున్నాయి పెద్దమ్మా.”

“అయితే కూసో. గట్టిగ మాట్లాడే పని లేదు.”

మగ్గం మీది పడుగులోని పోగును భూతద్దంతో దగ్గరగా తీశాను. తర్వాత భూతద్దం విప్పి, ఇంటినీ మగ్గాన్నీ దూరంగా తీశాను. నేస్తున్న గుడ్డను కూడా దగ్గరగా తీశాను. నవంబర్ పదిహేడున నేను బస్సులోంచి చూసిన పడుగే ఇది.

సంఘం నుంచి వచ్చానని చెప్పాను. అందులో నా పని ఏమిటో వాళ్లు అడగలేదు.

డిసెంబర్ 1, కోరుట్ల

నిన్నటి గుడ్డ ఫోటోలను కంప్యూటర్ మీద పెంచి పేకలు లెక్కించాను. అరవై ఒకటి. అరవై ఆరు. యాభై ఎనిమిది. అరవై మూడు. అరవై ఆరు.

మళ్లీ లెక్కించాను. అవే.

అక్టోబర్ నమూనాలో ఐదు చోట్లా అరవై నాలుగు ఉండింది. రెండు నెలల్లో ఇంత తేడా. చలికి చెయ్యి వణికి ఉంటుంది. వయసు కూడా. ఏదైనా ఇది చేతిమగ్గం అనడానికి మరో సాక్ష్యం. ఆధారానికి మంచిదే.

‘మంచిదే’ అని రాసి చాలాసేపు దాని వైపు చూశాను.

డిసెంబర్ 12, కోరుట్ల

పత్రం ఇంకా నా దగ్గరే ఉంచుకుని, ముందుగా పంపిన ఫోటోలకు సంఘం జవాబు వచ్చింది. ‘దారం ఫోటో ఏ దారానిదైనా కావచ్చు. మగ్గం ఫోటో ఎవరి మగ్గానిదైనా కావచ్చు. మొదటిది రెండోదానిలోనిదే అని ఈ ఫోటోలు చెప్పడం లేదు. స్థల పరిశీలన పర్యటన మార్చి తర్వాతనే. గడువులోగా మరో ఆధారం పంపవచ్చు.’

కోపం రాలేదు. ఆ స్థానంలో ఉంటే నేను కూడా ఇదే రాసేదాన్ని, బహుశా ఇవే మాటలతో.

కాబట్టి దారమూ మైదానమూ ఒకే ఫోటోలో ఉండాలి. పోగు మీది నూగు కనబడాలి. ఆ పోగు అలాగే వెనక్కి సాగి పడుగులో కలవాలి. పడుగుకు రెండువైపులా కుంచెలతో నడిచే ఇద్దరు ఎవరో గుర్తు పట్టగలగాలి. రెండు పనులకూ ఒకే లెన్స్ అని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు రెండు పనులూ ఒకే క్షణంలో జరగాలి.

డిసెంబర్ 14, జగిత్యాల

దావీదు గారికి సంఘం ఉత్తరం చూపించాను. నా సంతకం సంగతి తప్ప అంతా చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి, బట్టలో చుట్టిన చిన్న లెన్స్ ఒకటి తెచ్చారు.

“మా నాయనది. రీలు కాలంది. ఇరవై నాలుగు మిల్లీమీటర్లది. దీంట్ల కరెంటు లేదు, మోటరు లేదు. ఫోకస్ మీరే తిప్పుకోవాలె. వట్టిగ పెడితే మైదానం మొత్తం పడ్తది. వెన్క గీ రింగు బిగిస్తే దారం మీదికి పోతది.”

“రింగు పెట్టినప్పుడు వెనక మైదానం కనబడుతుందా?”

“మసకగ. పొగమంచుల మనుషులు కనవడ్తరు సూడుండ్రి, గట్ల. ఎవలో తెలుస్తది, ముక్కు ఎట్లున్నదో తెల్వది.”

“అది చాలు.”

“అంచులు జర మెత్తగ అస్తయి. ముందే చెప్తున్న. తర్వాత దావీదు చెప్పలేదనొద్దు.”

రింగుతో కలిపి ఎనిమిదిన్నర వేలు. నేను అనుకున్న దానికంటే తక్కువ. తక్కువ ఎందుకో అడిగితే, “ఎద్దు ముసల్ది మేడం” అన్నారు.

ఇంటికి వచ్చేసరికి ప్రేమ్‌కుమార్ మోటార్ల దుకాణం మూసి వచ్చి ఉన్నారు. పెళ్లయి పందొమ్మిదేళ్లయినా, నన్ను ఏడిపించే అవకాశం ఆయన ఒక్కటి కూడా వదులుకోలేదు.

“అద్దం కొననీకి పోయినవా, సంబంధం చూడనీకి పోయినవా? నెల రోజులాయె. పిల్లగాడు నచ్చిండా ఇగ?”

“నచ్చిండు. ముసలోడు గని కండ్లు మంచియి.”

డిసెంబర్ 15, కోరుట్ల

రోజంతా ఆయన దుకాణంలో. మోటారుకు చుట్టే సన్నని రాగి తీగను రెండు మేకుల మధ్య సాగదీసి, ఆయనను వెనక నిలబెట్టాను. రింగు పెడితే తీగ లెన్స్ ముందు అద్దానికి రెండు వేళ్ల ఎడంలో ఉండాలి. అంతకు మించి ఒక్క వెంట్రుక జరిగినా తీగ కరిగిపోతుంది. లోపలి రంధ్రాన్ని ఎంత చిన్నది చేస్తే వెనక ఉన్న ఆయన అంతగా తేలుతున్నారు. లెన్స్ మీది అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది; పదహారు అంకె దగ్గర మీసం ఉందని తెలిసింది. ఇరవై రెండుకు తిప్పితే మీసం ఇంకొంచెం బాగుపడింది గాని తీగ మీది గీతలు మెత్తబడ్డాయి. పదహారు దగ్గర ఆపాలి.

“ఎంతసేపు నిలవడాలె?”

“మసకగ ఉన్నవు. మసకల అందంగ ఉన్నవు.”

“గట్లయితే ఇంకో గంట నిలవడ్త.”

డిసెంబర్ 17, రాయికల్ దారి

రింగు విప్పి మైదానపు పరీక్ష. పసుపు చేలు తవ్వకానికి వస్తున్నాయి, ఆకు ఎండి వంగి ఉంది. దగ్గరి గట్టు నుంచి చివరి కరెంటు స్తంభం దాకా అన్నీ ఉన్నాయి. అంచులు మెత్తగా వచ్చాయి. దావీదు గారు ముందే చెప్పారు.

రింగు పెట్టి ఒక ఎండిన ఆకు ఈనెను తీశాను, వెనక చేను వచ్చేట్టు. గాలికి ఆకు ఊగి, పదిలో తొమ్మిది పోయాయి. దారం ఆకుకంటే తేలిక. పోగును ఆపేందుకు ఒక చీలిన పుల్ల కావాలి.

డిసెంబర్ 21, సిరిసిల్ల

మగ్గం మీది గుడ్డ అయిపోవచ్చింది. ఇంకొక్క పడుగుకు సరిపడా నూలు ఉందట. అది చివరిది. దానికి డిసెంబర్ ఇరవై తొమ్మిదిన గంజి పట్టిస్తారు. నాకు దొరికే అవకాశం ఆ ఒక్క పొద్దుటిపూటే.

“అది అయినంక?” అన్నాను.

“మగ్గం ఇప్పేస్త బిడ్డా. కట్టె మంచిదే. దేనికన్న పనికస్తది.” పరశురాములు గారు ఆ మాట మామూలుగానే అన్నారు.

లేచే ముందు, మూడు వారాలుగా మనసులో ఉన్నది అడిగాను.

“పెద్దనాయినా, గీ గుడ్డల పేకలు ఒక్కోచోట ఒక్కో తీరుగ ఉన్నాయి. చెయ్యి నొస్తున్నదా?”

ఆయన నవ్వారు. “చెయ్యి మంచిగనే ఉన్నది. చెడగొడుతున్న.”

“చెడగొడుతున్నరా?”

“గట్టిగ కొట్టేకాడ మెల్లగ, మెల్లగ కొట్టేకాడ గట్టిగ. పోయినసారి సాపుగ నేసి ఇచ్చిన. సాంచెది అని రాసిండ్రు. గిప్పుడు చేతిది అనిపియ్యాలె గద.” పేకను ఒకసారి కొట్టి అన్నారు. “మా నాయన చెప్తుండె. గుడ్డ మీద చెయ్యి కనవడొద్దు, కనవడితె ఇంక పని రాలేదన్నట్టేనని. గా చెయ్యి కనవడకుండ చేసుకునేటందుకు నాకు ఇరవై ఏండ్లు పట్టింది.”

“గిప్పుడు ఇరవై ఏండ్లు నేర్సింది మర్సిపోవుడు నేర్సుకుంటుండు,” అంది శంకరవ్వ లోపలి నుంచి. “అది సుత కష్టమేనట. అన్నం ముందట కూసోని గాలిల చేతులు తిప్పుతుండు. ఎవలో మేడం అట రాసింది. సంతకం సూత్తె కోడి గీరినట్టున్నది, పేరు తెలుస్తలేదు. దేవుడు ఆమె కండ్లు సల్లగ సూడాలె.”

నేను కెమెరా సంచి జిప్పు తీశాను. వేశాను. మళ్లీ తీశాను.

“ఏమన్న మర్సినవా బిడ్డా?” అన్నారాయన.

“లేదు పెద్దనాయినా.”

డిసెంబర్ 22, కోరుట్ల

లెన్స్ చక్కగా పనిచేస్తోంది. ఏడో గడి ఖాళీగా ఉంది.

డిసెంబర్ 24, కోరుట్ల

కెమెరాకు కాళ్లు సరిచేశాను. మూడు రకాల చీలిక పుల్లలు చేశాను. ఫోటో బాగా వస్తే ఏడో గడి అవసరం ఉండకపోవచ్చు. ఫోటోయే అన్నీ చెబుతుంది.

డిసెంబర్ 26, కోరుట్ల

ఫోటో అన్నీ చెప్పదు. ఆ గుడ్డ చేతిమగ్గానిది అని చెబుతుంది. ఆయన చేతిని చెడగొట్టింది ఎవరో చెప్పదు.

డిసెంబర్ 29, సిరిసిల్ల

వరుస తప్పకుండా రాయడానికి ప్రయత్నిస్తాను.

ప్రేమ్‌కుమార్ కూడా వచ్చారు. ఆరింటికి మైదానం చేరుకున్నాం. పొగమంచు ఎంతగా ఉందంటే, పడుగు రెండో చివర ఉన్న గుంజ కనబడలేదు. గంజి పట్టించి అప్పటికే పావుగంట. ఎండ లేదు కాబట్టి పోగులు ఆరడం లేదు. ఆరకపోతే ఒకదానికొకటి అంటుకుంటాయి, అంటుకుంటే కుంచె వాటిని తెంపుతుంది. ఎండ వచ్చేదాకా కుంచె ఆపకుండా నడిపించాలి. ఇద్దరు ముసలివాళ్ల చేతులు దానికి చాలవు. ఆరు పోగులు తెగడం నేను చూశాను.

ప్రేమ్‌కుమార్ చెప్పులు విడిచి, మూడో కుంచె తీసుకున్నారు.

“అయ్యో, గట్ల కాదు కొడుకా!” శంకరవ్వ అరిచింది. “గోడకు సున్నమేస్తున్నవా? ఒక్క దిక్కే దువ్వు. చిన్నపిల్ల తల దువ్వినట్టు దువ్వు.”

“చిన్నపిల్లలు గింత పొడుగుండరవ్వా!”

“నోరు నడిచినంత జోరుగ కాళ్లు నడిపియ్యి.”

ఏడున్నరకు మంచు పలచబడింది. నేను పడుగు చివర నేల మీద పడుకుని, కెమెరాను పడుగుకు కిందుగా పెట్టాను. అంచులోని ఒక పోగును చీలిక పుల్లతో ఆపి, లెన్సుకు రెండు వేళ్ల ఎడంలోకి తెచ్చాను. అంకె పదహారు. మొదటి పద్దెనిమిది ఫోటోలు పనికిరాలేదు. ఎవరో ఒకరి కుంచె పడుగును తాకినప్పుడల్లా పోగు కదిలింది. కుంచెలు ఆపమని అడగలేను. ఆపితే పడుగు పోతుంది. అందుకే కుంచె పడుగు మీది నుంచి లేచి మళ్లీ వాలే ఆ క్షణం కోసం, వాళ్ల అడుగులు లెక్కిస్తూ కాచుకున్నాను. నాలుగు అడుగులకు ఒకసారి లేస్తోంది. పందొమ్మిదో ఫోటోలో అన్నీ కుదిరాయి. పోగు, దాని మీద ఒకే వైపుకు వాలిన నూగు, చివర వేలాడే ఒక గంజి బొట్టు, వెనక్కి వెనక్కి సాగి తెల్లని దారిలా మారిన పడుగు, దానికి రెండువైపులా మసకగా, కుంచెలు ఎత్తిన ఇద్దరు. తలపాగాను బట్టి ఆయన, నడుము వంపును బట్టి ఆమె. మూడో కుంచె అప్పటికి నా వైపు చివరకు చేరి, ఫోటోలో పడలేదు. పొరబడే వీలే లేదు.

తర్వాత రింగు విప్పి, మైదానం మొత్తాన్ని ఒకసారి తీశాను. రింగు లేని లెన్స్‌లో వాళ్ల ముఖాలు స్పష్టంగా కనిపించాయి. ఆయన ఆమెతో ఏదో అంటున్నారు. ఆమె నవ్వుతోంది. నాకు కావలసిన ఆధారం దొరికింది. ఇక సర్దుకుని బస్సు ఎక్కవచ్చు.

లేచి, చేతులకు అంటిన మట్టి దులుపుకుని, వాళ్ల దగ్గరికి వెళ్లాను.

“పెద్దనాయినా, సాంచెది అని రాసింది నేనే. గా సంతకం నాది.”

ప్రేమ్‌కుమార్ కుంచె ఆగింది. ఆయనకూ అప్పటిదాకా చెప్పలేదు.

పరశురాములు గారు నన్నే చూశారు. అడిగారు. “నువ్వు లెక్కవెట్టినప్పుడు ఎన్ని అచ్చినయి?”

“అరవై నాలుగు.”

“ఎన్ని కాడ సూసినవు?”

“ఐదు చోట్ల. ఐదింట్ల అరవై నాలుగే.”

“ఐదు కాడ!” అని ఆయన శంకరవ్వ వైపు తిరిగారు. “ఇన్నవా? ఐదు కాడ ఒక్కటే అచ్చిందట!” డెబ్బై ఏళ్ల ఆ ముఖంలో నేను ఎదురుచూసినది ఏదీ లేదు. ఉన్నది సంతోషం. నాకు తల ఎత్తడం కష్టమైంది అప్పుడే.

శంకరవ్వకు సంతోషం కలగలేదు. దగ్గరికి వచ్చి నిలబడింది.

“కండ్లకు అద్దం వెట్టుకోని సూసినవు. కాళ్లకేమయింది బిడ్డా? మూడు అడుగులేసి మా ఇంటికి రాకపోయినవా?”

ఆమె తన కుంచెను నా చేతిలో పెట్టింది.

“ఏడ్సుడు తర్వాత. గంజి ఆరుతున్నది, పట్టు.”

తొమ్మిదింటి దాకా నడిచాను. ఒక్క దిక్కే, చిన్నపిల్ల తల దువ్వినట్టు. ఎండ వచ్చింది. ఇంకో రెండు పోగులు తెగాయి, అవి నా చేతిలోనే. ఆయన వాటిని ముడివేశారు.

బయల్దేరే ముందు అడిగాను. “ఈ పడుగును చెడగొట్టకుండ నెయ్యి పెద్దనాయినా. పోయినసారి లెక్కనే, సాపుగ.”

“మల్ల సాంచెది అంటే?”

“అనకుండ చూసుడు నా పని.”

ఆయన తెగిన పోగుల ముడులను మరోసారి వేలితో తడిమి చూశారు.

బస్సులో ప్రేమ్‌కుమార్ వేములవాడ దాటాక అన్నారు: “నాకు చెప్తే అయిపోతుండె గద. నెల రోజుల సంది మోటారు కాలిన వాసనస్తున్నది, ఎక్కడిదో అనుకున్న.”

డిసెంబర్ 30, కోరుట్ల

ఏడో గడి నింపాను. మూడుసార్లు రాసి కొట్టివేశాక నిలిచినవి ఈ మాటలు: ‘గుడ్డ పూర్తిగా సమంగా ఉన్నందున యంత్రం నేసినదని నిర్ణయించాను. అంత సమంగా నేయగల చెయ్యి ఉంటుందని నాకు తెలియదు. ఇంటికి వెళ్లి మగ్గాన్ని చూడవలసింది, వెళ్లలేదు. పొరపాటు నేసినవారిది కాదు, పరిశీలకురాలిది. సమంగా ఉండటాన్ని యంత్రానికి గుర్తుగా తీసుకోరాదని, ఇల్లు చూడటం తప్పనిసరి చేయాలని విన్నవించుకుంటున్నాను.’

గడి సరిపోలేదు. మిగిలినది వెనకవైపు రాశాను. సంతకం కింద పేరును తెలుగులో, విడివిడి అక్షరాలతో రాశాను.

డిసెంబర్ 31, జగిత్యాల

రిజిస్టర్ పోస్టు. రసీదు నోటుబుక్కులో అంటించాను.

జనవరి 9, కోరుట్ల

జవాబు లేదు.

జనవరి 15, కోరుట్ల

లేదు.

జనవరి 24, కోరుట్ల

పరశురాములు గారి గుర్తింపు తిరిగి ఇచ్చారు. నూలు వచ్చే నెల నుంచే.

అదే కవరులో రెండో కాగితం నాకు. ఈ సంవత్సరపు పరిశీలకుల జాబితాలో నా పేరు ఉండదు. ఏడో గడిని ఆధారంగా చూపారు. న్యాయంగానే ఉంది. రెండుసార్లు చదివి రెండో కాగితాన్ని మడతపెట్టాను, మొదటిదాన్ని ప్రేమ్‌కుమార్‌కు చదివి వినిపించాను. తర్వాత రెండోదీ వినిపించాను.

జనవరి 27, జగిత్యాల

దావీదు గారికి పందొమ్మిదో ఫోటో పెద్ద కాపీ ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు తీసి, కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చూశారు. తర్వాత గోడకు ఆనించి, ఎదుటి గోడ దాకా వెనక్కి నడిచి చూశారు.

“దీన్ని మాక్రో అనాల్నా, ల్యాండ్‌స్కేప్ అనాల్నా మేడం?”

“మీరే చెప్పండి.”

“మా నాయన ఎద్దు గెలిచిందని అంట.”

ఫిబ్రవరి 16, సిరిసిల్ల

పని లేకుండా వెళ్లడం ఇదే మొదటిసారి. కాళ్లు వెళ్లాయి.

చివరిది అనుకున్న పడుగు సగానికి పైగా నేశారు. మగ్గం పక్కన గోడకు కొత్త నూలు కట్టలు రెండు ఆనించి ఉన్నాయి. శంకరవ్వ చాయ్ ఇచ్చింది. నేను భూతద్దం బయటికి తీయగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అచ్చింది సూడు మేడం! ఉద్యోగం పోయినా బుద్ధి పోలే.”

“లెక్క పెట్టుకోనియ్యి,” అన్నారాయన, గుంటలోంచి తల ఎత్తకుండానే. ఆ మాటలో కొంచెం గర్వం, కొంచెం భయం కలిసి ఉన్నాయి. పరీక్ష రాసిన పిల్లలకు కలిగేలాంటి భయం.

గుడ్డ మీద ఒంగాను. ఆయన చేతులు ఆగాయి. మొదటి చోట అరవై నాలుగు. రెండో చోట, మూడో చోట అరవై నాలుగు. నాలుగో చోట, ఐదో చోట అదే.

నిబంధన ఐదు చోట్లే అడుగుతుంది. ఆరోచోట కూడా లెక్కించాను.